సుగ్గికాలమున వృద్ధసేవ
(పత్తికొండ పఠనమందిరమున మేము చేసిన ఉపన్యాసము)

 

నేడు మేము మీ ముందుంచబోవు ప్రశ్న శాసనసభలలో వినబడునది కాదు. రాత్రి దీపమార్పుటకు ముందు, ముసలివారి చెవిని పడకుండ, భార్యాభర్తలు మెల్లగా మాటలాడుకొను ప్రశ్న యిది. "అవ్వనేమి చేద్దాము?" ఈ రెండు మాటలకు జవాబు దొరకక ఎన్ని యిండ్లలో నిద్ర కరవైనదో మీ రెఱుగుదురు. ఎఱిగియు నలుగురిలో మాటలాడము. మాటలాడినచో తల్లిని బరువని తలచినవార మగుదు మేమో యని భయము. ఆ భయము వలన కొడుకు లోలోన కుములును, కోడలు విసుగుకొనును, ముసలిది గోడవైపు తిరిగి పరుండును. కావున ఈ మాటను నేడు బహిరంగముగ నెత్తుకొనుటకు సాహసించుచున్నాము.

మనది మెట్టసీమ. ఆకాశమును నమ్మి విత్తనము చల్లువారము. వేరుసెనగయు, ప్రత్తియు పండిన యేడు పండును, ఎండిన యేడు ఎండును. టమాటా విరివిగా పండినను, కొనువారు లేక గంపలు గంపలుగా బాటప్రక్కన పారబోసిన దినములను మనము చూచితిమి. చేల పని ముగియగానే సుగ్గి వచ్చును. సుగ్గి యనగా సుఖకాలమని యితర సీమలవా రనుకొందురు గాక. మన పత్తికొండ, ఆలూరు, ఆదోని, మంత్రాలయ ప్రాంతములలో సుగ్గికి పోవుట యనగా ఇల్లు విడిచి కూలికి పోవుట. గుంటూరు సీమలో మిరపకాయ కోతకు కొందఱు, బెంగుళూరు హైదరాబాదులలో మేడలు కట్టుటకు కొందఱు, మూటముల్లెలతో బండ్లెక్కుదురు. నెలల తరబడి వీథులు బోసిపోవును. అరుగులమీద మిగులువారు వృద్ధులే.

ఇట్టి యింటి నొకదానిని తలపునకు దెచ్చుకొందము. ఇది ఫలానావారి యిల్లని కాదు. ఏ వీథిలోనైనను చూడవచ్చును. అవ్వకు డెబ్బది దాటినవి. జారిపడి తుంటి యెముక విరిగిన నాటినుండి పట్టుకొనువారు లేక లేవలేదు. ఈ మధ్య మఱపు కూడ ప్రవేశించినది. తిన్నదో లేదో తెలియదు. పొయ్యి వెలిగించి మఱచిపోవును. కొడుకు, కోడలు, ఇద్దఱు పిల్లలు. బండి వచ్చు దినము దగ్గఱపడినది. వారికి గల దారు లెవ్వి?

వెంట దీసికొనిపోవుట మొదటి దారి. పోయినచోట నివాసము పొలముగట్టున పట్టాకప్పిన గుడిసె. వెలుతురు రాకమున్నే చేనిలో నుండవలయును. కటికనేలమీద, మిరపఘాటులో, తుంటి విరిగిన ముసలిని పరుండబెట్టి పోవుట సేవ కాదు, శిక్ష. కోడలు ఇంట నిలిచిపోవుట రెండవ దారి. జంటగా పోయినగాని అప్పు తీరదు. ఒకరి కూలి తిండికే చాలును. పొరుగింటి ఆడబిడ్డకు చెప్పి, పూటకింత సంగటి పెట్టుమని బ్రతిమాలుకొని పోవుట మూడవ దారి. ఎక్కువ యిండ్లు ద్రొక్కునది యిదియే. ఆ పొరుగుతల్లి పుణ్యవతి, సంగటి పెట్టును. కాని అర్ధరాత్రి లేవదీయునది ఎవరు? తడిసిన చీర మార్చునది ఎవరు? అన్నియు నెఱిగి అవ్వ మాత్రము, "నాకేం కాదు నాయనా, మీరు పోయిరాండి" యనును. ఆ మాటను సమ్మతి యనుకొని బండి యెక్కుదుము. అది సమ్మతి కాదు, మహాశయులారా. బిడ్డలకు అడ్డుగా నుండరాదను తల్లి తెగింపు.

నాలుగవ దారి యొకటి గలదు. కొన్నాళ్లకో, శాశ్వతముగనో వృద్ధులను కనిపెట్టి చూచు నిలయమున నుంచుట. ఈ మాట యనగానే సభలో కొందఱు ముఖము చిట్లించుట చూచుచున్నాము. "కన్నతల్లిని ఆశ్రమమున బడవేయుటయా! మన ధర్మమేమి, మన దేశమేమి!" యను మాట నోటివరకు వచ్చియుండును. ఆ కోపము మంచిదే. కాని అది ఎవరిపై పడుచున్నదో విచారింపుడు. మన యిండ్లలో వృద్ధసేవ చేయునది ఎవరు? కొడుకు పేరునకు గౌరవము. కోడలి నడుమునకు నొప్పి. లేవదీయుట, కడుగుట, తినిపించుట, రాత్రి మేలుకొనుట, ఇన్నియు చాల యిండ్లలో ఒక్క స్త్రీ చేతులమీదుగ నడచుచున్నవి. ఆమెకు ఆదివారము లేదు, పండుగ లేదు, జ్వరము వచ్చినను సెలవు లేదు. ఆమె కూలబడిన నాడు ఆ యింట రోగులు ఇద్దఱగుదురు. సేవ చేయువారికి విశ్రాంతి నిచ్చుట కూడ వృద్ధసేవలో భాగమే యని మేము దృఢముగ జెప్పుచున్నాము.

ధర్మమును గుఱించి యడిగితిరి గనుక, తిక్కన సోమయాజి తెనిగించిన భారతములోని ఆశ్రమవాసపర్వమును స్మరింపుడు. యుద్ధానంతరము ధృతరాష్ట్రుడు పదునైదేండ్లు ధర్మరాజు నింటనే యుండెను. ఆ మహారాజు పెద్దతండ్రికి ఏ లోటును రానీయలేదు. ఆయన మాట కాదనవద్దని అందఱ నాజ్ఞాపించెను. దాసదాసీజనమునకు కొదువ లేదు. అయినను భీముడు ఆ వృద్ధుని చెవిని పడునట్లు, నీ కొడుకులను చంపిన భుజములివియే యని చఱచుకొనుచుండెను. ఆయన అన్నము తగ్గించెను, నేలపై శయనించెను. గాంధారికి దప్ప అన్యుల కెఱుక లేదు, ధర్మరాజునకును తెలియలేదు. తుదకు వృద్ధుడే నోరు విడిచి, నన్ను వనమునకు పోనిమ్మని యడిగెను. ధర్మరాజు దుఃఖించి వలదనెను. వ్యాసుడు వచ్చి నచ్చజెప్పిన పిమ్మట గాని యొప్పుకొనలేదు.

ఈ కథలో మనకు మూడు పాఠములు గలవు. ఇంట నుండుట యొక్కటియే ఆదరణ కాదు. రాజగృహమున సయితము వృద్ధుడు లోలోన ఎండిపోవచ్చును. ఇది మొదటిది. పోవలయునని నిర్ణయించినది ధృతరాష్ట్రుడు; ఇతరులు చాటున గూర్చుండి చేసిన నిర్ణయము కాదు. ఇది రెండవది. వారు పోయిన పిమ్మట పాండవులు మఱువలేదు. స్త్రీలతో, పరివారముతో, పురజనులతో వనమునకు బోయి చూచి, వారి చెంత కొన్నాళ్లుండిరి. ఇది మూడవది. వీనికి తోడు ఆ పర్వము ముగింపులో నొక హెచ్చరికయు గలదు. కార్చిచ్చు చుట్టుముట్టిన నాడు ధృతరాష్ట్ర గాంధారీ కుంతులను ఎత్తుకొని పరుగెత్తదగిన బలిమి గల చేయి దగ్గఱ లేకపోయెను. కావున పంపుటతో పని తీరదు. పంపినచోట ఆపదవేళ లేవదీయు చేతు లెన్ని యున్నవో లెక్కించుకొనవలయును.

మన యూరి చేరువనే మఱియొక సాక్షి గలదు. గుత్తికి బోవు మార్గమున ఎఱ్ఱగుడి కొండబండలపై అశోకచక్రవర్తి శాసనములు చెక్కబడి రెండువేల రెండు వందల యేండ్లు దాటినవి. తల్లిదండ్రుల మాట వినుమనియు, పెద్దలను గౌరవింపుమనియు, ప్రాణులయెడ దయ గలిగి యుండుమనియు ఆ చక్రవర్తి ఈ సీమ ప్రజలకు జాటించెను. అంతటితో నిలువక, ధర్మమహామాత్రులను అధికారులను నియమించి, ఇతరులతోబాటు వృద్ధుల మేలును కూడ వారికి అప్పగించెను. తన ధర్మయాత్రలలో వృద్ధులను దర్శించి వారికి ధనమిచ్చుచుంటినని చెప్పుకొనెను. మీ తల్లిదండ్రులను మీరే చూచుకొనుడని ప్రజలకు బోధించి రాజు చేతులు దులుపుకొనలేదన్నమాట. ఇంటి ధర్మమొకటి, రాజ్యధర్మమొకటి. ఒకటి రెండవదానికి బదులు కానేరదు. ఈ మాట మన యూరి ప్రక్కన ఱాతిపై నుండగా, వృద్ధులకు నిలయములు పాశ్చాత్యుల వాసన యనుట యెట్లు?

తన వారు దూరమైన వేళ అన్యుల చేతులే ఆధారమగునని ఈ పత్తికొండ నేలయే యొకప్పుడు చూచినది. 1827 జూలై 6వ తేదీన మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో విషూచి తగిలి ఇచ్చటనే మరణించెను. ఆయన పరపాలకుల ప్రతినిధి. ఆ పాలనను మనము కోరలేదు. ఆ మాట అటుండనిండు. భార్య అంతకుముందే బిడ్డతో సీమకు పోయియుండెను. రాజధానియంతటికి అధిపతి యయ్యు, కడపటి దినమున ఆయన చెంతనున్నవారు పరివార జనమేగాని కన్నబిడ్డలు కారు. ఆయన జ్ఞాపకార్థము ఇచ్చట తోపు వేసి బావి త్రవ్వించిరి. గవర్నరునకు దప్పనిది సుగ్గికి బోవు కూలివాని తల్లికి దప్పునా? అన్యుల చేతులు అవసరమగుట సిగ్గు కాదు. అవి మంచి చేతులు కాకపోవుటయే కీడు.

ఆ మంచి చేతులు మన దేశమున లేకపోలేదు. ఈ కర్నూలు సీమ ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి కరవులో వేలకొలది జనులకు అన్నము పెట్టి ప్రాణములు నిలిపెను. తినిన వారి కులమడుగలేదు, ఊరడుగలేదు. చెన్నపట్టణమున 1782 నాటి కరవులో గంజి పోయుటకు వెలసిన మణియకారు సత్రము, కరవు పోయినను మూతపడక, క్రమముగ దిక్కులేని వృద్ధులకు నిలయమైనది. గంజికుండనుండి వృద్ధాశ్రమము పుట్టిన తీరు అది. సత్రము, చలివేంద్రము, ధర్మశాల మన సొంత మాటలు. బాటసారికి రాత్రి నీడ నిచ్చుట పుణ్యమని నమ్మిన జాతి, బ్రదుకుబాట చివర నున్న వృద్ధునకు మూడు నెలలు నీడ నిచ్చుటకు సందేహింపవలయునా?

ఇక చట్టము మాట. 2007లో భారత పార్లమెంటు తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టము చేసినది. తమ్ము దాము పోషించుకొనలేని తల్లిదండ్రులు సంతానమునుండి నెలకు 10,000 రూపాయల వరకు భరణము కోరవచ్చును. ఆ విచారణ చేయు ట్రిబ్యునలునకు మన రాష్ట్రమున రెవెన్యూ డివిజను అధికారి అధ్యక్షుడు. 2022లో పత్తికొండ రెవెన్యూ డివిజనుగ నేర్పడినది గనుక, ఇందుకై దూరప్రయాణము అవసరము లేదు. ఆస్తి వ్రాసి యిచ్చునపుడు నన్ను పోషింపవలయునను షరతు పత్రముననే వ్రాయించుకొన్నచో, పోషణ తప్పిన నాడు ఆ దస్తావేజును రద్దు చేయించుకొను వీలు గలదు. ఈ మాటను ప్రతి యింటి పెద్దయు గుర్తుంచుకొనవలయును.

అదే చట్టములో మఱియొక సూక్ష్మము గలదు. వృద్ధులను పూర్తిగా వదలివేయు నుద్దేశముతో ఎచ్చటనైన విడిచిపోవుట నేరము. అందుకు మూడు నెలల వరకు చెఱ గాని, 5,000 రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. పూర్తిగా వదలివేయు నుద్దేశమను మాటను గమనింపుడు. దోషము నిలయమున నుంచుటలో లేదు. తిరిగి చూడకపోవుటలో నున్నది. తల్లిని ఇంటనే యుంచి వారమునకొకసారియైన పలుకరింపనివాడును వదలివేసినవాడే యని మేమందుము.

ప్రభుత్వము కొంత యిచ్చుచున్నది. 2024 జూలైలో మన రాష్ట్రమున వృద్ధుల పింఛను నెలకు 4,000 రూపాయలకు పెరిగినది. పక్షవాతముతో మంచమునకో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు నిర్ణయింపబడినవి. వృద్ధుల కష్టము వినుటకు 14567 అను టెలిఫోను సహాయకేంద్రము 2021లో దేశవ్యాప్తమైనది. కాని రూకలు లేచి వచ్చి ముసలివారిని లేవదీయవు. 2007 నాటి చట్టము జిల్లాకు కనీస మొక వృద్ధాశ్రమము, అందు నూటయేబదిమందికి చోటు, ఉండవచ్చునన్నది. కర్నూలు పట్టణమున ఎంత గొప్ప నిలయమున్నను, జీవితమున నొక్కనాడును తన వీథి విడువని పత్తికొండ అవ్వకు అది పరదేశమే.

కావున నిర్ణయము చేయవలసిన గృహస్థులకు మేము కొన్ని మాటలు చెప్పుదుము.

మొదట ఆమె నడుగుడు. మఱపు గలవారైనను మంచి వేళ జూచి, నెమ్మదిగా, ఒకటికి రెండు మార్లడుగుడు. మీలో మీరు తీర్మానించుకొని బండి యెక్కించి, డాక్టరు దగ్గఱకని చెప్పి నిలయమున దింపి వచ్చుట వంటి ద్రోహము లేదు. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు అందఱును గూర్చుండి, ఎవరు సొమ్మిత్తురు, ఎవరు చూడబోవుదురు అను లెక్క ముందే తేల్చుకొనుడు. సేవ చేయని తోబుట్టువునకు తప్పులెన్ను హక్కు లేదు.

రెండవది, కూలిన పిమ్మట గాక, కూలకమున్నే యోచింపుడు. ఒంటరిగ విడిచినచో పడిపోవుదురన్న భయమున్నను, పొయ్యి వెలిగించి మఱచుచున్నను, సేవ చేయు స్త్రీకి రాత్రులు నిద్ర లేకున్నను, విసుగుతో చేయి లేచు స్థితి వచ్చినను, సాయము కోరవలసిన కాలము వచ్చినట్లే. ఒక్కసారి చేయి లేచినదని యెవరైన మాతో జెప్పుకొన్నచో, వారిని నిందింపము. ఆ రాత్రియే ఆ యింటికి మఱియొక మనిషిని పంపవలయునందుము.

మూడవది, మొదటనే శాశ్వతమని పోవలదు. పదునైదు దినములో, నెలయో ఉంచి చూడుడు. నిలయమునకు మీరు చెప్పకుండ, భోజనవేళ నొకసారి, చీకటి పడిన పిమ్మట నొకసారి పొండు. రాత్రి మేలుకొని యుండు మనుష్యులెందఱు? మరుగుదొడ్డికి బోవు దారిలో పట్టుకొనుటకు కడ్డీ యున్నదా? జ్వరము వచ్చిన డాక్టరెవరు? స్త్రీలను స్త్రీలే కడుగుచున్నారా? జొన్నరొట్టె తినువారికి మెత్తగా నానబెట్టి పెట్టు ఓపిక గలదా? ఎప్పుడు పోయినను తలుపు తీయుదురా? అచ్చటి వృద్ధుల గోళ్లు కత్తిరించియున్నవో లేదో చూడుడు. గోడలపై వ్రాసిన నీతులకన్న ఆ గోళ్లు ఎక్కువ నిజము చెప్పును. సొమ్ము ముట్టినట్లు రసీదు తీసికొనుడు; ఆస్తి కాగితములు మాత్రము ఎవరి చేతను బెట్టకుడు.

నాలుగవది, మాట యిచ్చిన దినమునకు తిరిగి పొండు. ఉగాదికి వత్తుమని చెప్పినచో ఉగాదికి పోవలయును. ముసలివారు తిథులు మఱతురు గాని, ఎదురుచూచుట మఱువరు.

గృహస్థుల ధర్మము చెప్పితిమి. ఊరి ధర్మము మిగిలినది. సుగ్గికి పోవువారి పిల్లల చదువు చెడరాదని, సర్వశిక్షా అభియాన్ క్రింద మన జిల్లాలో సీజనల్ హాస్టళ్లు నడపిరి. తల్లిదండ్రులు తిరిగి వచ్చువరకు పిల్లలకు అన్నము, పడక, చదువు. దానిని ఎవరును పిల్లలను వదలివేయుట యనలేదు. పిల్లలకు తగినది ముసలివారికి తగదా? సుగ్గికాలమునకు మాత్రమే తెఱచునట్టి వృద్ధుల వసతి యొకటి పత్తికొండలో నేల యుండరాదు? ఇరువది మంచములు, రేయింబవళ్లు వంతులవారీగ జీతము తీసికొని పనిచేయు స్త్రీపురుషులు, వారమునకు రెండుసార్లు వచ్చు డాక్టరు, మన సంగటి, మన మాట. చైత్ర వైశాఖములలో బిడ్డలు తిరిగివచ్చి తమ పెద్దలను ఇంటికి దీసికొనిపోవుదురు.

ఇది కలగాదు. జపాను దేశమున 2000వ సంవత్సరమున వృద్ధసేవకై భీమా పద్ధతి నెలకొల్పిరి. నలువదేండ్లు దాటినవారు చందా కట్టుదురు. ఇంటివారికి విశ్రాంతి కావలసినపుడు వృద్ధులను కొన్ని దినములు నిలయమున నుంచి తిరిగి తీసికొనిపోవు ఏర్పాటు అందున్నది. అంత దూరమేల? కేరళమున కోజికోడులో 1993లో మొదలైన బాధోపశమన సేవాసంఘమునుండి పెరిగిన పద్ధతిలో, తర్ఫీదు పొందిన ఇరుగుపొరుగువారే మంచము పట్టినవారి యిండ్లకు బోయి సేవ చేయుచున్నారు. 2008లో ఆ రాష్ట్రము దానిని ప్రభుత్వ విధానముగ గైకొన్నది. అచ్చట మొదట కదలినది ప్రభుత్వము కాదు, పొరుగువాడు.

ఈ పఠనమందిరమునకు దినదినము వచ్చు మీరందఱు చదువరులు. మేము కోరునది చందా కాదు. దానికి వేఱొక దినము గలదు. ఈ సుగ్గికి బండ్లు కదలకముందే, మీ మీ వీథులలో ఎందఱు వృద్ధులు ఒంటరిగ మిగులుదురో, వారిలో లేవలేనివారెందఱో ఒక కాగితమున వ్రాసి తెండు. పేరు, వయస్సు, ఎవరు కనిపెట్టుదురు, రాత్రి ఎవరుందురు, ఈ నాలుగు గడులు చాలును. ఆ పట్టికతో డివిజను అధికారి కచ్చేరికి మనమందఱము గలసి పోవుదము. లెక్క చేత లేనివాని మొఱ గాలికి బోవును.

స్వాతంత్ర్యము వచ్చి డెబ్బదియైదేండ్లు దాటినవి. ఆ స్వాతంత్ర్యము పోరాడినవారి నాటి కలలలో ప్రతి కడుపునకు అన్నమున్నది, ప్రతి బిడ్డకు బడి యున్నది. అరుగుమీద నులకమంచమున నొంటరిగ నున్న అవ్వ చేతికి, అర్ధరాత్రి అందు గ్రుక్కెడు నీళ్లును అందు జేరవలయును. మీరు పోయిరాండి యని ఆమె యనిన మాట, తెగింపు కాక నిజమైన సమ్మతి యగు నాటివరకు మన పని ముగియలేదు.